మీరు మాకేమవుతారండీ?

కోనసీమలో కొత్త మనిషి కనబడితే అడిగే ప్రశ్నలకు ఒక క్రమం ఉంటుంది. ‘ఏ ఊరండీ మనది?’ అన్నది మొదటిది. ‘ఇంటిపేరు?’ అన్నది రెండోది. ‘ఎవరి తాలూకు?’ అన్నది మూడోది. ఈ మూడింటికీ జవాబు వచ్చేలోగా అడిగినాయన మనసులో ఒక లెక్క నడిచిపోతూ ఉంటుంది. నాలుగో మాట ప్రశ్న కాదు, తీర్పు! ‘అయితే మీరు మాకు బావగారవుతారండోయ్...’ అంటారు. అంతే, అప్పటిదాకా ‘అండీ’ దగ్గర ఆగిన మాట వేళాకోళంలోకి దిగుతుంది. టీ డబ్బులు ఎవరివ్వాలన్న దగ్గర పెద్ద పేచీ మొదలవుతుంది.

అమలాపురం నుంచి అంబాజీపేట మీదుగా పి.గన్నవరం వెళ్లే దారిలో ఏ కొబ్బరితోటలో ఆగినా, వైనతేయ గట్టు మీద ఏ అరుగు దగ్గర కూర్చున్నా ఈ లెక్క వినిపిస్తుంది. దీనికి మనవాళ్లు పెట్టిన పేరు ‘వరస కలపడం’. చూడ్డానికి సరదా కాలక్షేపంలా ఉంటుందిగానీ, దీని వెనక ఉన్న లెక్క చాలా పాతది, చాలా కచ్చితమైనది. ఆ లెక్కను మన పిల్లలు మరిచిపోతున్నారు. మరిచిపోతే పోయేది నాలుగు మాటలేనా... ఇంకేమైనా ఉందా?

లెక్క తప్పని వరస

నాన్న అన్నయ్య పెదనాన్న. నాన్న తమ్ముడు చిన్నాన్న, ముద్దుగా బాబాయి. పుస్తకాల తెలుగులో పెత్తండ్రి, పినతండ్రి. ఈ పేర్లన్నింటిలో ఉన్నది ఒక్కటే... నాన్న! ఒకరు పెద్ద నాన్న, ఇంకొకరు చిన్న నాన్న. అమ్మ వైపూ అంతే. అమ్మ అక్క పెద్దమ్మ, గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో దొడ్డమ్మ. అమ్మ చెల్లెలు పిన్నమ్మ, అదే నోట్లో నలిగి పిన్ని అయింది. పిన్న అంటే చిన్న. అంటే పిన్ని చిన్నమ్మే.

మరి నాన్న అక్కచెల్లెళ్లు? వాళ్లు అమ్మలు కారు, మేనత్తలు. అమ్మ అన్నదమ్ములు నాన్నలు కారు, మేనమామలు. ఇక్కడే ఉంది కిటుకంతా. తోబుట్టువులిద్దరూ మగవాళ్లయినా, ఇద్దరూ ఆడవాళ్లయినా వాళ్ల పిల్లలు ఒకరికొకరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఒకరు ఆడ, ఒకరు మగ అయితే వాళ్ల పిల్లలు బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్లు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఎంత దూరపు చుట్టానికైనా వరస చెప్పేయొచ్చు.

ఇంకో విచిత్రం చూడండి. మేనత్త భర్తను ఏమంటాం? మామయ్య. మేనమామ భార్యను? అత్తయ్య. బాబాయి భార్య పిన్ని, పిన్ని భర్త బాబాయి. పెళ్లయ్యాక భార్య తల్లిదండ్రులు కూడా అత్తమామలే, భర్త తల్లిదండ్రులూ అత్తమామలే. ఎటు నుంచి లెక్కేసినా జవాబు ఒక్కటే. మేనరికాలు మామూలుగా ఉన్న రోజుల్లో మేనమామే పిల్లనిచ్చిన మామ అయ్యేవాడు కాబట్టి ఆ పిలుపు మార్చుకోవాల్సిన అవసరమే లేకపోయింది. పెళ్లి కుదిరినా కుదరకపోయినా మాట మాత్రం సిద్ధంగా ఉండేది.

ఇంగ్లీషువాళ్లకు ఇవన్నీ అంకుల్, ఆంటీ, కజిన్... మూడు మాటల్లో ముగిసిపోతాయి. హిందీవాళ్లు చాచా, తావూ, మామా, ఫూఫా, మౌసా అంటూ పెద్దవాళ్లను విడివిడిగానే పిలుస్తారుగానీ, వాళ్ల పిల్లల దగ్గరికి వచ్చేసరికి అందరూ అన్నాచెల్లెళ్లే. అందుకే ఉత్తరాదివాళ్లకు మేనమామ కూతురిని పెళ్లాడటం అంటే చెల్లెల్ని పెళ్లాడినట్టు. మనకేమో చిన్నాన్న కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు. ఉత్తరానికీ దక్షిణానికీ ఉన్న ఈ తేడాను ఇరావతీ కర్వే 1953లో వెలువడిన తన పుస్తకంలో వివరంగా రాశారు. అంతకన్నా ఎన్నో శతాబ్దాల ముందే బౌధాయన ధర్మసూత్రం మేనరికాన్ని దక్షిణాదివారి ఆచారాల్లో ఒకటిగా పేర్కొంది. అంటే ఈ వరసలకు కనీసం అంత వయసుంది.

అమెరికా లాయరుకు దొరికిన చుట్టరికం

మన వరసల లెక్క పందొమ్మిదో శతాబ్దంలోనే సముద్రాలు దాటింది. లూయీ హెన్రీ మోర్గాన్ అని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక లాయరు ఉండేవారు. ఆయనకు అక్కడి ఆదివాసులతో స్నేహం. సెనెకా తెగవారు తండ్రి సోదరుణ్ని తండ్రి అనీ, తల్లి సోదరిని తల్లి అనీ పిలవడం చూసి ఆశ్చర్యపోయారు. ఇలాంటి పద్ధతి ఇంకెక్కడైనా ఉందా అని ప్రపంచమంతటికీ ప్రశ్నాపత్రాలు పంపించారు. దక్షిణ భారతం నుంచి జవాబులు వచ్చాయి. తమిళం, తెలుగు, కన్నడ భాషల్లోని పిలుపులు చూసి ఆయన మరోసారి నివ్వెరపోయారు. ఎక్కడి సెనెకాలు, ఎక్కడి మనం... లెక్క మాత్రం దాదాపు ఒక్కటే! అమెరికా ఆదివాసులు ఆసియా నుంచే వెళ్లారనడానికి ఇదో రుజువు అని కూడా ఆయన వాదించారు. 1871లో స్మిత్సోనియన్ సంస్థ అచ్చువేసిన ఆయన పెద్ద గ్రంథంలో తెలుగువారి అన్నలు, తమ్ముళ్లు, అత్తలు, మామలు అందరూ పట్టికలెక్కి కూర్చున్నారు.

ఆ తర్వాత పండితులు దీనికి ‘ద్రావిడ బంధుత్వ విధానం’ అని పేరుపెట్టారు. 1981లో థామస్ ట్రాట్‌మన్ ఆ పేరుతోనే పుస్తకం రాశారు. గన్నవరం సెంటర్లో టీ తాగుతూ నోటితో వేసే లెక్కకు విశ్వవిద్యాలయాల్లో ఇంత గౌరవం ఉందన్నమాట.

పిలుపు వెనక పని

అయితే వరస అంటే లెక్క ఒక్కటే కాదు. ప్రతి పిలుపు వెనకా ఒక పని ఉంది. పసిబిడ్డకు చెవులు కుట్టించేది మేనమామ ఒడిలో. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేదీ మేనమామే. లాజహోమం వేళ పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయడానికి అన్నో తమ్ముడో కావాలి. కొత్త దంపతులను గుమ్మంలో నిలబెట్టి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వననే హక్కు ఆడపడుచుది. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుణ్ని ఆటపట్టించే హక్కు మరదళ్లది, ఆయనకు కోపం రాకుండా కాసుకునే బాధ్యత బావమరిదిది.

కష్టం వచ్చినప్పుడు కూడా అంతే. దాయాది అన్న మాట వినగానే మనకు పొలం గట్టు తగాదాలు గుర్తొస్తాయి. ‘దాయం’ అంటే వారసత్వంగా వచ్చే వాటా. వాటా పంచుకునేవాడు దాయాది. కానీ ఆ ఇంట్లో మరణం సంభవిస్తే మైల పట్టేదీ ఆ దాయాదే. ఆస్తిలోనే కాదు, దుఃఖంలోనూ అతనికి వాటా ఉంది.

‘తల్లి చస్తే తండ్రి పినతండ్రి’ అని మనకో సామెత ఉంది. తమిళంలోనూ అచ్చం ఇలాంటిదే వినిపిస్తుంది. తల్లిలేని బిడ్డ మీద కన్నతండ్రి శ్రద్ధ కూడా కాస్త దూరమైపోతుందని ఆ మాటలోని బాధ. అది చెప్పడానికి మన పెద్దలు వాడుకున్నది ఒక వరసనే.

కోనసీమలో ఈ వరసలు ఇవాళ్టికీ చాకిరీ చేస్తూనే ఉన్నాయి. పి.గన్నవరం, రాజోలు, అమలాపురం పరిసరాల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్, మస్కట్, దుబాయ్ వంటి చోట్లకు ఇంటిపనులకు వెళ్తారు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వస్తారు. అన్నాళ్లూ పిల్లలకు జడ వేసేదెవరు? బడికి పంపేదెవరు? జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేదెవరు? అమ్మమ్మ, మామ్మ, పిన్ని, మేనత్త. అమ్మ గల్ఫులో ఉన్న ఇంట్లో పిన్ని నిజంగానే చిన్నమ్మ. ఆ మాటను ఎప్పుడు, ఎవరు కట్టారోగానీ, ఇలాంటి రోజు కోసమే కట్టినట్టు ఉంటుంది.

గోదావరి పొంగినప్పుడు కూడా అక్కరకొచ్చేది చుట్టరికమే. 2022 జులైలో భారీ వరద వచ్చినప్పుడు పి.గన్నవరం మండలంలోని లంక గ్రామాలు నీట మునిగాయి. లంకల్లో ఉండేవాళ్లకు వరద అంటే సామాన్లు సర్దుకుని గట్టెక్కడం. గట్టు మీద మేనత్త ఇల్లో, వియ్యంకుడి ఇల్లో ఉన్నవాడికి ఆ రాత్రి గడపడం కాస్త తేలిక. చుట్టం అన్న మాట ‘చుట్టు’ నుంచి వచ్చింది. మన చుట్టూ ఉండేవాడు చుట్టం.

ఊరంతా వరసే

రక్తసంబంధం లేకపోయినా వరస కలిపేయడం ఈ నేల మీద మామూలే. పక్కింటావిడ అత్తయ్య, ఎదురింటాయన బాబాయి, వీధి చివర కొట్టు నడిపేవారు తాతయ్య. ఒకసారి పిలుపు స్థిరపడిందంటే మూడు తరాలపాటు మారదు. తండ్రి ‘మామయ్యా’ అని పిలిచే పెద్దాయన కొడుక్కి తాతయ్య అయి తీరాల్సిందే!

పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద ఉన్న అక్విడెక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1841 నుంచి 1909 దాకా జీవించిన ఆ ఇల్లాలు లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా ఆకలితో వచ్చినవారికి వండి వడ్డించారు. వచ్చినవాళ్లలో చుట్టాలెంతమంది ఉండి ఉంటారు? అయినా ఈ సీమలో ఆమెను తలచుకునేవారంతా ‘ఆ తల్లి’ అనే తలచుకుంటారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టింది. వరస పుట్టుకతోనే రావాలని లేదు, పెట్టిన అన్నంతోనూ వస్తుందని చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

అయితే అంతా బాగుండేదని చెప్పుకోవడం కూడా సరికాదు. ఊరంతా వరసలు అనుకున్న రోజుల్లోనే ఊరి చివర పేటల్లో ఉన్నవారికి ఆ పిలుపులు సమానంగా అందలేదు. తెల్లజుట్టు పాలేరును పదేళ్ల పిల్లవాడు పేరుపెట్టి ‘ఒరే’ అని పిలిచిన కాలాన్ని చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వరస ఇవ్వడం ఎంత గౌరవమో, ఇవ్వకపోవడం అంత అవమానం. ఆ సంగతి పడినవాళ్లకే బాగా తెలుసు.

మేనరికాల సంగతీ అలాగే. పుట్టగానే ‘నీ పెళ్లాం పుట్టిందిరా’ అని మేనబావను ఆటపట్టించడం మనకు సరదా. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల మధ్య పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపునిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు నాలుగో వంతు మంది బంధువులనే చేసుకున్నవారు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి వల్ల పుట్టే పిల్లలకు కొన్ని జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కాబట్టి మరదలన్న పిలుపును ఉంచుకుని, పెళ్లి సంగతి పిల్లల ఇష్టానికీ డాక్టరు సలహాకూ వదిలేయడం మంచిది. వరస ఉన్నంత మాత్రాన పెళ్లి జరిగి తీరాలనేమీ లేదు కదా.

ఒక్కో సీమకు ఒక్కో పిలుపు

లెక్క తెలుగునాట అంతటా ఒకటేగానీ పిలుపులు మారుతుంటాయి. గోదావరి జిల్లాల్లో నాన్నను కన్నతల్లి మామ్మ, ఇంకొన్నిచోట్ల బామ్మ, నాయనమ్మ. రాయలసీమకు వెళ్తే జేజి, అవ్వ. తాతను అక్కడ చాలాచోట్ల అబ్బ అంటారు. తెలంగాణ పల్లెల్లో అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న, నాన్న తమ్ముడు కాక. శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అని పిలవడం వినిపిస్తుంది. ‘అవ్వ పిలుస్తోంది’ అంటే ఒకచోట తల్లి, ఇంకొకచోట నాయనమ్మ! రాయలసీమ అబ్బాయికీ తెలంగాణ అమ్మాయికీ పెళ్లయితే మొదటి పండక్కే ఈ గందరగోళం తప్పదు.

ఆ అంకుల్ ఎవరో తెలుసా?

ఇప్పుడు ఈ పిలుపులన్నింటి మీదా ఒకే రోడ్డు రోలరు నడుస్తోంది. దాని పేరు అంకుల్-ఆంటీ. పక్కింటాయన అంకుల్ అయితే సరేలే అనుకున్నాం. పిన్ని కూడా ఆంటీ అయిపోయింది. బావగారు బ్రదరిన్‌లా అయ్యారు. పెదనాన్న కొడుకును ‘మా కజిన్’ అని పరిచయం చేస్తున్నారు. అన్న అని చెప్పడానికి మొహమాటం ఎందుకో?

తమాషా ఏమిటంటే ఆ ‘అంకుల్’కూ ఒకప్పుడు వరస ఉండేది. అది లాటిన్‌లోని ‘అవుంకులుస్’ నుంచి వచ్చింది. ఆ మాటకు అర్థం మేనమామ అని. నాన్న సోదరుడికి లాటిన్‌లో ‘పత్రూస్’ అని వేరే మాట ఉండేది. ‘ఆంట్’కు మూలమైన ‘అమిత’ అంటే మేనత్త. తల్లి సోదరికి ఇంకో మాట. పాత ఇంగ్లీషులోనూ ఈ నలుగురికీ నాలుగు వేర్వేరు మాటలుండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్లతోపాటు ఫ్రెంచి మాటలు దిగాయి. రాను రాను నాలుగు కాస్తా రెండయ్యాయి. మేనమామ ఎవరో, బాబాయి ఎవరో ఆ భాషకు తెలియకుండా పోయింది. ఇప్పుడు వాళ్లు పోగొట్టుకున్న చోటికే మనం కోరి వెళ్తున్నాం.

కానీ నేరమంతా ఇంగ్లీషు మీదకు నెట్టేస్తే కుదరదు. అసలు కారణం ఇంకోటుంది. మాట ఉండాలంటే ఆ మాటకు తగిన మనిషి ఉండాలి. 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున ఇద్దరికి పైగా, అంటే 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి అది 1.7కు దిగింది. దీన్ని వరసల లెక్కలోకి మార్చి చూడండి. ఒక పాప, ఒక బాబు చాలనుకున్న ఇంట్లో పెరిగిన అబ్బాయి నాన్నయ్యాడు. అతనికి ఉన్నది ఒక అక్కో చెల్లెలో. అలాంటి ఇంట్లోనే పెరిగిన అమ్మాయి అమ్మయింది. ఆమెకు ఉన్నది ఒక అన్నో తమ్ముడో. వాళ్ల బిడ్డకు మేనత్త ఉంది, మేనమామ ఉన్నాడు. పెదనాన్న లేడు, బాబాయి లేడు, పెద్దమ్మ లేదు, పిన్ని లేదు! నాలుగు మాటలు ఒక్క తరంలో నిఘంటువుకు చేరాయి. ఇక తల్లీ తండ్రీ ఇద్దరూ ఒంటరి సంతానమే అయితే మేనత్త, మేనమామ కూడా లేరు. బావా మరదళ్ల ఊసే లేదు.

చైనా ఈ దారిలో మనకన్నా ముందు నడిచింది. 1980 నుంచి 2015 దాకా చాలా కుటుంబాలకు ఒక్క బిడ్డ నిబంధన అమలైంది. చైనా భాషలో కూడా పెదనాన్నకూ బాబాయికీ, అక్కకూ చెల్లెలికీ వేర్వేరు పిలుపులున్నాయి. మాటలున్నాయి, పిలవడానికి మనుషులు తగ్గిపోయారు.

ఎంతమంది పిల్లలను కనాలన్నది దంపతుల సొంత విషయం. మాటల కోసం పిల్లలను కనమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. మరి దారేమిటి? దారి మన దగ్గరే ఉంది. నాన్నకు సొంత తమ్ముడు లేకపోతే నాన్న చిన్నాన్న కొడుకు ఉంటాడు. మన లెక్కలో ఆయన తమ్ముడే కాబట్టి బిడ్డకు అచ్చమైన బాబాయి. ఇంగ్లీషు లెక్కలో దూరపు చుట్టమైనవాడు తెలుగు లెక్కలో దగ్గరివాడు. అమ్మ పెద్దమ్మ కూతురు అచ్చమైన పిన్ని. వాళ్లు కూడా లేకపోతే పక్కింటివాళ్లున్నారు. కాకపోతే ఉత్తి పిలుపు సరిపోదు. ఏడాదికోసారైనా ఇంటికి రాకపోకలుండాలి. సంక్రాంతికి కోనసీమ వెళ్లినవాళ్లు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి ఆ రాత్రికే బండెక్కేయకుండా, పిల్లలను నాలుగిళ్లు తిప్పి ‘ఈయన నీకు ఇదవుతాడు’ అని చూపించాలి. ఫోన్లో పేరు దాచుకునేటప్పుడు కూడా ‘రావులపాలెం అంకుల్’ అని కాకుండా ‘రావులపాలెం బాబాయి’ అని రాసుకోవచ్చు కదా. ఖర్చేమీ లేదు.

మీ పిల్లలను అడగండి!

కిందటి తరంలో బడికి వెళ్లని మామ్మలు కూడా తడుముకోకుండా జవాబు చెప్పిన ప్రశ్నలివి. ఆదివారం భోజనాల దగ్గర మీ ఇంట్లో ప్రయత్నించి చూడండి.

1. మీ నాన్న తోడల్లుడు మీకేమవుతాడు?

2. మీ అమ్మ ఆడపడుచు మీకేమవుతుంది?

3. మీ అమ్మ తోడికోడలి కొడుకు మీకేమవుతాడు?

4. మీ నాన్న బావమరిది కూతురు మీకేమవుతుంది?

5. మీ మేనమామ చెల్లెలు మీ అమ్మ కాకపోతే ఎవరు?

జవాబులు: 1. పెదనాన్న లేదా బాబాయి. 2. మేనత్త. 3. అన్న లేదా తమ్ముడు. 4. వదిన లేదా మరదలు. 5. పెద్దమ్మ లేదా పిన్ని.

అయిదింటికి అయిదూ చెప్పిన పిల్లలుంటే మీ ఇంట్లో వరసలకు ఇప్పట్లో ఢోకా లేదు. చెప్పలేకపోయినా కంగారు పడక్కర్లేదు. ఒక్కో జవాబుకూ ఒక్కో మనిషిని చూపించండి, చాలు. మర్చిపోరు. ఎప్పుడో ఒక రాత్రి వాళ్లకు కష్టమొచ్చినప్పుడు, ఎవరికి ఫోన్ చేయాలో ఆ జవాబులే చెబుతాయి.